లాటిన్ జాజ్‌కి క్లావే కొట్టడం ఎలా?

లాటిన్ జాజ్ బ్యాండ్‌లో ట్రంపెట్లు, పియానో, కాంగా డోళ్లు ఎంత హోరెత్తినా, అన్నిటినీ కట్టి ఉంచేది క్లావే అనే అయిదు దెబ్బల వరస. 1940లో న్యూయార్క్‌లో మొదలైన, మచీతో అనే గాయకుడి బ్యాండ్‌కి సంగీతం నడిపిన మారియో బౌజా క్యూబాలోని హవానా మనిషి. చిక్ వెబ్, క్యాబ్ క్యాలోవే జాజ్ బ్యాండ్లలో ట్రంపెట్ వాయించి వచ్చాడు. జాజ్ హార్న్‌లను, అంటే ట్రంపెట్ లాంటి ఊదే వాద్యాలను, క్యూబా తాళవాద్యాల మీద నిలబెట్టాడు. బ్రాడ్‌వేలో 53వ వీధి దగ్గరున్న పల్లేడియం హాల్లో జనం మాంబో అనే క్యూబా నాట్యం ఆడింది ఇలాంటి బ్యాండ్లకే. ఆ వరసని చేతులారా కొట్టకుండా వాటిని సరిగ్గా వినలేం.

1. కర్రలు. గట్టి చెక్కవి రెండు చాలు, కోలాటం కర్రలైనా సరే. ఒకదాన్ని ఎడమ చేతి వేళ్ల కొసల మీద ఆనించండి, కింద అరచేయి డొప్పలా ఉండాలి. బిగించి పట్టుకుంటే మోగదు. రెండోదాంతో దాని నడుమ కొట్టండి.

2. లెక్క. నిలబడి "తకధిమి" నాలుగుసార్లు పైకి అనండి. ప్రతి "త"కీ పాదం నేలకి తగలాలి. దెబ్బలు బ్రాకెట్లలో ఉన్న అక్షరాల మీద:

[త] క ధి [మి] / త క [ధి] మి / త క [ధి] మి / [త] క ధి మి

"వన్ అండ్ టూ అండ్" అని లెక్కపెట్టి నేర్పే వీడియోలు బోలెడున్నాయి. వాటి జోలికి పోకండి. అంకెలు బుర్రలోనే ఉండిపోతాయి, జతి ఒంట్లోకి దిగుతుంది. టిక్ టిక్ మంటూ లయ చూపే మెట్రోనోమ్ యాప్ కూడా ఇప్పుడే వద్దు.

3. రెండో దెబ్బ. అందరూ పాడు చేసేది ఇక్కడే. భజనలో పాదం, తాళం కలిపి వేసే అలవాటు మనది. అందుకే చెయ్యి మొదటి "మి" దగ్గర కొట్టకుండా, పాదం దిగేదాకా ఆగి "త" మీద పడుతుంది. అలా పడితే క్లావే కాస్తా మార్చ్‌పాస్ట్ అయిపోతుంది. అయిదు దెబ్బల్లో పాదంతో కలిసేవి మొదటిదీ చివరిదీ మాత్రమే. రెండో దెబ్బకి పాదం ఇంకా గాల్లోనే ఉండాలి. కర్ర చప్పుడు విన్నాక పాదం దిగాలి.

ఎంతకీ కుదరకపోతే మిగతా దెబ్బలన్నీ వదిలేసి, ఆ ఒక్క "మి"నీ పాదాన్నీ పట్టుకోండి. అది నిలబడ్డాకే మిగతావి చేర్చండి.

మూడో తకధిమి మొదట్లో పాదం ఒక్కటే పడుతుంది, చెయ్యి ఖాళీ. దాన్ని నింపాలని చెయ్యి లాగుతుంది, నింపకండి. వేగం పెంచగానే ఇంకో తప్పు వస్తుంది. మొదటి మూడు దెబ్బలూ సమానంగా సాగి, ఈ ఖాళీని తినేస్తాయి. అప్పుడు సర్దుకుంటూ పోవద్దు. ఆపి, నెమ్మదిగా మొదటి నుంచి ఎత్తుకోండి.

4. తిరగేయడం. మూడో తకధిమితో మొదలుపెడితే రెండు దెబ్బలు ముందు, మూడు తర్వాత వస్తాయి. వరస అదే.

5. బ్యాండ్‌తో. ముందు బేస్ వినండి. మాంబోలో చాలాసార్లు అది మీ రెండో, మూడో దెబ్బల చోటే మోగి, ఆ స్వరాన్ని తర్వాతి "త" దాటేదాకా లాగుతుంది. బేస్ వదిలేసిన ఆ "త" మీద డాన్సర్ పాదం దిగుతుంది. ఒళ్లు ఊగేది అందుకే. ఇక పియానో, హార్న్‌ల ఊనికలు మీ కర్రలతో కొట్లాడుతున్నట్టుంటే, మీరు రెండో సగం నుంచి ఎత్తుకోవాల్సిన పాటని మొదటి సగం నుంచి ఎత్తుకున్నారన్నమాట. కొడుతూ కొడుతూ మధ్యలో తిప్పకండి. కర్రలు దించి, పల్లవి మళ్లీ వచ్చేదాకా ఆగి, అప్పుడు రెండో వైపు నుంచి అందుకోండి.