ఫ్లైట్ ఎన్ని గంటలో మీరే లెక్కేసుకోండి

రెండు దూరపు ఊళ్ల మధ్య విమానం ఎంతసేపు పడుతుందో తెలియాలంటే రోడ్డు దూరం చూడకండి, గ్రేట్ సర్కిల్ దూరం అని వెతకండి, అంటే గుండ్రటి భూమి మీద అతి దగ్గరి దారి. మామూలు మ్యాప్‌లో అది వంకరగా కనిపిస్తుంది, లండన్ నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్లే విమానం గ్రీన్‌లాండ్ మీదుగా పోవడం చూసి చాలామంది చుట్టు తిరిగి పోతోంది అనుకుంటారు గానీ నిజానికి దగ్గరి దారి అదే.

ఆ కిలోమీటర్లను 850తో (విమానం గంటకు సుమారుగా పోయే కిలోమీటర్లు) భాగించి, విమానం పైకి లేవడానికీ కిందికి దిగడానికీ ఓ అరగంట కలపండి. లండన్–న్యూయార్క్ సుమారు 5,550 కిలోమీటర్లు, కాబట్టి 7 గంటలు వస్తుంది. కానీ పైన జెట్ స్ట్రీమ్ అనే గాలి పడమర నుంచి తూర్పుకి వీస్తుంది కదా, అందుకే న్యూయార్క్ వెళ్లేటప్పుడు 8 గంటల దాకా పడుతుంది, తిరుగు ప్రయాణం 7 గంటల లోపే అయిపోవచ్చు. చలికాలంలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

టికెట్ మీద టైములు చూసి మాత్రం కంగారు పడొద్దు, అవి ఏ ఊరి టైము ఆ ఊరిదే. లండన్‌లో ఉదయం 11కి బయల్దేరి న్యూయార్క్‌లో మధ్యాహ్నం 2కి దిగితే 3 గంటల ప్రయాణం కాదు, రెండు ఊళ్ల మధ్య ఉన్న 5 గంటల తేడా కూడా కలుపుకోవాలి. మార్చిలో కొన్ని వారాలు ఆ తేడా 4 గంటలే ఉంటుంది, వేసవి కోసం గడియారాలను గంట ముందుకు జరిపే పని అమెరికా వాళ్లు బ్రిటన్ కంటే ముందే చేసేస్తారు మరి.

మధ్యలో ఫ్లైట్ మారాలంటే ఈ లెక్క పనికిరాదు, టికెట్‌లో మొత్తం ప్రయాణ సమయమే చూడండి.