యాప్ స్టోర్ కాపలా వాడుకుంటూ కమిషన్ భారం తప్పించుకోవడం ఎలా?

ప్లే స్టోర్ మనల్ని కాపాడుతోందా, కమిషన్ కోసమే కూర్చుందా? రెండూ చేస్తోంది. కాపలా మనకు కావాలి, వసూలు మాత్రం చాలాసార్లు తప్పించుకోవచ్చు.

ముందు కాపలా సంగతి. అనంతపురం పల్లెల్లో చెనక్కాయ రైతుల వాట్సాప్ గ్రూపుల్లోకి పీఎం కిసాన్ పేరుతోనో, ట్రాఫిక్ చలానా పేరుతోనో ఏపీకే ఫైల్ (స్టోర్‌తో పనిలేకుండా నేరుగా ఫోన్‌లోకి ఎక్కే యాప్ ఫైల్) వచ్చి పడితే, దాన్ని ఇన్‌స్టాల్ చేసి అడిగిందానికల్లా 'అలో' కొట్టామంటే బ్యాంకు ఓటీపీలు దొంగల చేతికి పోతాయి. అందుకే ఫోన్ సెట్టింగ్స్‌లో 'అన్‌నోన్ యాప్స్' అని వెతికి, వాట్సాప్, క్రోమ్, ఫైల్స్ అన్నిటికీ ఆ అనుమతి ఆపేయండి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలో ఇది ఇవాళే చేయండి. తర్వాత ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి, ప్లే ప్రొటెక్ట్‌లో (ప్రమాదకర యాప్‌లను పట్టే గూగుల్ తనిఖీ) స్కాన్ కొట్టండి, బయటినుంచి ఎక్కించిన యాప్‌లను కూడా అది చూస్తుంది.

అలాగని స్టోర్‌లో ఉన్నదంతా నమ్మకండి. 2022 సెప్టెంబర్ నుంచి 2023 ఆగస్టు దాకా 2,200కు పైగా లోన్ యాప్‌లను గూగుల్ తీసేసిందని కేంద్రం పార్లమెంటులో చెప్పింది, అంటే తీసేసేదాకా అవి స్టోర్‌లోనే ఉన్నాయి కదా! అప్పిచ్చే యాప్ కాంటాక్టులు, ఫొటోలు అడిగితే అక్కడే ఆగిపోండి. ఆర్‌బీఐ వెబ్‌సైట్‌లో డిజిటల్ లెండింగ్ యాప్‌ల జాబితా ఉంది, అందులో పేరు లేకపోతే వద్దు. డబ్బు పోయిందా, వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇక వసూలు. యాప్‌లో కొనే డిజిటల్ సరుకు (సబ్‌స్క్రిప్షన్లు, ఆన్‌లైన్ కోర్సుల్లాంటివి) మీద గూగుల్, యాపిల్ ఏళ్ల తరబడి 30 శాతం దాకా తీసుకుంటూ వచ్చాయి, చిన్న డెవలపర్లకు 15 శాతం. యాప్‌లో కొన్నవాటికి గూగుల్ బిల్లింగ్‌లోనే డబ్బు కట్టించాలన్న ప్లే స్టోర్ నిబంధనల మీదే 2022 అక్టోబర్‌లో కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు 936.44 కోట్ల జరిమానా వేసింది, 2025లో అప్పీలు ట్రిబ్యునల్ దాన్ని 216.69 కోట్లకు తగ్గించింది. ఎంత తగ్గించినా అది జరిమానానే.

ఈ కమిషన్‌ను కంపెనీలు యాప్‌లోని ధరలో కలిపేయొచ్చు. కాబట్టి డీఎస్సీ టెస్ట్ సిరీసో, పాటల యాపో కొనేముందు బ్రౌజర్‌లో ఆ కంపెనీ వెబ్‌సైట్ తెరిచి ధర చూడండి. యూట్యూబ్ ప్రీమియం ఐఫోన్ యాప్‌లో కంటే వెబ్‌సైట్‌లో చవక. బస్సు టికెట్లకు, ఇంటికి తెప్పించుకునే సరుకులకు ఈ కమిషన్ ఉండదు, అక్కడ టెన్షన్ అక్కర్లేదు.

యాప్ తీసేసినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ ఆగదు. ప్లే స్టోర్ ప్రొఫైల్‌లో 'పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్'లోకి వెళ్లి క్యాన్సిల్ చేయాలి. పొరపాటున కొన్నదైతే 48 గంటల్లోపే రీఫండ్ అడగండి.