వ్యాసం దిద్దడం ఎలా? పాఠం 2: ఒక్క వరసతో మొదలు

కిందటి పాఠంలో పది వ్యాసాలు దిద్ది, మార్కులు వేరే కాగితం మీద రాసి దాచమన్నాను. ఇప్పుడు ఆ కాగితం తియ్యకుండా అవే వ్యాసాలు మళ్లీ దిద్దండి. తర్వాత రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే కాస్త సిగ్గేస్తుంది. నేను ఒక పేపరుకు మొదటిసారి ఆరు, రెండోసారి ఎనిమిది వేశాను. దస్తూరి ముత్యాల్లా ఉంది, నేనేమో అప్పుడే టీ తాగి కూర్చున్నాను. అంతకుమించి కారణం దొరకలేదు.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. 1961లో అమెరికాలోని ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ అనే పరీక్షల సంస్థ పరిశోధకులు 300 వ్యాసాలను 53 మంది చేత దిద్దించారు. ఉన్నవి తొమ్మిది గ్రేడులు. ప్రతి వ్యాసానికీ కనీసం ఐదు రకాల గ్రేడులు వచ్చాయి! కొందరు ఆలోచనకు మార్కులేశారు, కొందరు తప్పులు లెక్కపెట్టారు.

ఈ జబ్బుకు మందు రూబ్రిక్. అంటే, ఏం చూసి మార్కు వేస్తామో ముందే రాసిపెట్టుకునే పట్టిక. అందులో ‘బాగుంది’, ‘చాలా బాగుంది’ అని నింపితే లాభం లేదు, గొడవ మళ్లీ మొదటికొస్తుంది. పేపరులో వేలు పెట్టి చూపించగలిగేదే రాయాలి. ఈ వారం ‘ఉదాహరణ’ అనే ఒక్క వరస చాలు:

1 – ఉదాహరణే లేదు.
2 – ఉంది, కానీ ఏ ఊరికైనా సరిపోయేది.
3 – చోటు, మనుషులు కనిపిస్తున్నారు.
4 – ఆ ఉదాహరణతో ఏం చెప్పదలచుకున్నాడో కూడా తేల్చాడు.

నీటి పొదుపు మీద తొమ్మిదో తరగతి పిల్లాడు ఇలా రాశాడనుకోండి: “నీరు ప్రాణాధారం. చాలా ఊళ్లలో నీరు వృథా అవుతోంది. అందరూ పొదుపుగా వాడాలి.” దీనికి 2. మార్కు వేసి వదిలేయకండి, పట్టిక వాడి చేతికిచ్చి ‘3 కావాలంటే ఏం చేస్తావు?’ అని అడగండి. అప్పుడు ఇలాంటిది వస్తుంది:

“మా వీధి కుళాయికి బిరడా లేదు. ఆరింటికి నీళ్లు వదిలితే ఏడింటిదాకా కాలవలోకి పోతూనే ఉంటాయి. కింది వీధిలో మా అత్త ఐదున్నరకే బిందెలు వరసలో పెడుతుంది.”

చదవగానే పది వేసేయాలనిపిస్తుంది. ఆగండి, ఇది 3 మాత్రమే. అత్త బిందెలకీ మన కుళాయికీ సంబంధం ఏమిటో వాడింకా చెప్పలేదు. “ఇంట్లో చెంబు నీళ్లకు లెక్క చూసే మేము, వీధి కుళాయి ఎవరిదీ కాదనుకుంటున్నాం” అని ఇంకో వాక్యం కలిపితే 4.

మీ పది పేపర్లకూ ఈ వరస ఒక్కటే వేయండి. ఒత్తులు, దీర్ఘాలు కంట్లో నలుసుల్లా గుచ్చుకుంటాయి, అయినా ముట్టుకోకండి. వాటి వరస నాలుగో పాఠంలో ఉంది. ఎర్ర పెన్ను చేతిలో ఉంటే మనసాగదు, అందుకే ఈ వారానికి పెన్సిలు వాడండి.