రేకు కోయకుండ అంబాసిడర్ డాష్‌బోర్డు స్పీకర్ మార్చుడు

మా నాయిన 1976 మార్క్ 3 అంబాసిడర్ నడిపిన మనిషి. నల్లగొండ నుంచి దేవరకొండ దాక, హాలియా మీదికెళ్లి సాగర్ దాక ఆ బండి తిరగని రోడ్డు లేదు. ఇప్పుడు ఆయనకు కండ్లు సరిగ ఆనవు. బండి పానగల్లు రోడ్డుల మా ఇంటి ముందల రేకుల కింద నిలబడి ఉంటది. పొద్దుగాల చాయ్ తాగినంక పోయి అండ్ల కూసుంటడు. రేడియో సూది ఎప్పుడూ 738 మీదనే, హైదరాబాద్ ఆకాశవాణి.

పోయిన ఎండకాలం ఆ రేడియో గొంతు పాడైంది. మనిషి మాట్లాడుతుంటే గరగర, నడుమ నడుమ మొత్తానికే బందు. డోరు గట్టిగ ఏస్తే ఒక్కసారి పలికి మళ్ల ఊకుంటది. కొత్త సెట్టు ఏపిద్దాం నాయినా అంటే, "సెట్టు మంచిగనే ఉన్నది బిడ్డా, దాని నోరే పోయింది" అన్నడు. నేను జూనియర్ కాలేజీల ఫిజిక్స్ చెప్త. స్పీకర్ పాఠం ఏటా చెప్పేదే, అందుకే నేనే విప్పిన. ఇంట్ల ఇట్లాంటి పాత బండి ఉన్నోళ్ల కోసం రాస్తున్న. ఒక్క మాట మాత్రం ముందే అడుగుత: కొత్త స్పీకర్ పట్టలేదని డాష్‌బోర్డు రేకు కోయకండి. కోసిన అంచు దగ్గర్నే తుప్పు మొదలైతది, ఆ రేకు మళ్ల దొరకదు. స్పీకర్లయితే బజారు నిండ ఉన్నయి.

విప్పే ముందు తప్పు స్పీకర్‌దేనా అని తేల్చుకోవాలె. ఇంజను బందు పెట్టి రేడియో పెట్టండి. గరగర పోయిందంటే అది ఇంజను చప్పుడు, ప్లగ్గుల దగ్గర్నుంచో డైనమో దగ్గర్నుంచో వస్తున్నది, స్పీకర్ మారిస్తే పోదు. ఇంజను బందున్నా గరగర ఉంటే, అండ్ల డోరు ఏసినప్పుడు వచ్చి పోతుంటే, వైరు ఊగుతున్నదో, స్పీకర్ లోపట మ్యాగ్నెట్ సందుల ఆడే కాయిల్, అంటే సన్న వైరు చుట్ట, రాస్తున్నదో అనుకోవచ్చు. మాది అట్లనే ఉండె.

ఎండకాలం నల్లగొండల తొమ్మిది దాటితే ఆ రేకు ముట్టరాదు, ఆరింటికే మొదలు పెట్టిన. మొదటి పని బ్యాటరీ. ఏ కేబుల్ బాడీకి పోతున్నదో కంటితోని చూసి, దాన్నే ముందు ఊడదీయాలె. రెండోది ముందు విప్పితే, పానా జారి బాడీకి తగిలిందంటే నిప్పులు లేస్తయి. బాడీ కేబుల్ ముందు తీస్తే ఆ భయం ఉండదు. పాత ఇంగ్లీషు పద్ధతి బండ్లల్ల కొన్నిట్ల ప్లస్సే బాడీకి ఉంటది. మీది అట్లాంటిదైతే ఇప్పటి సెట్టు నేరుగ పెడితే కాలిపోతది, ఇది గుర్తుంచుకోండి. మాది మైనస్సే.

రేడియోలు ఆ రోజుల్ల షాపుల్ల బిగించుకునేటోళ్లు, ఒక్కో బండిల స్పీకర్ ఒక్కో చోట ఉంటది. మా దాంట్ల డాష్‌బోర్డు రేకుకు లోపటి దిక్కు, సన్న జాలీ ఎనక, 6×4 అంగుళాల కోడిగుడ్డు ఆకారం స్పీకర్ నాలుగు బోల్టుల మీద ఉన్నది. సీటు మీద ఎల్లకిల పండుకొని తల స్టీరింగు కిందికి పెడితేనే కనపడతది. మెడకింద మడిచిన దుప్పటి, నోట్ల టార్చిలైటు.

నట్లు తుప్పు పట్టి కదలలే. బలం పెట్టకండి. బోల్టు తిరిగితే ముందల పెయింటు లేస్తది, తెగితే జాలీ చెడిపోతది. గ్యాసునూనె చుక్క చుక్క పోసి గంట సేపు వదిలేసిన, ఆ గంటల నాయినకు ఉప్మా చేసి పెట్టిన. తర్వాత సగం చుట్టు బిగించి, ఒక చుట్టు వదులు చేసి, మళ్ల కొంచెం బిగించి, ఇట్ల ముందుకు ఎనకకు ఆడిస్తే వచ్చినయి. నాలుగో నట్టు తీసేటప్పుడు స్పీకర్‌ను అరచేత్తోని కింది నుంచి పట్టుకోవాలె, లేకుంటే వైర్ల మీద ఏలాడతది.

ఇంకో జాగ్రత్త. స్క్రూడ్రైవర్‌ను కోన్, అంటే స్పీకర్ ముందల ఊగే కాగితం గిన్నె, దగ్గరికి తేకండి. లోపట మ్యాగ్నెట్ ఉన్నదన్న సంగతి మన చెయ్యి మరిచిపోతది, అది ఒక్క గుంజు గుంజి మొనను కాగితంల దించుతది. నేను నట్లన్నీ పానాతోనే తీసిన, స్క్రూడ్రైవర్‌ను ఎనక సీట్ల పెట్టిన. రేకు రజను కూడ అంతే, కాయిల్ సందుల పడ్డదంటే ఇగ రాదు.

వైర్లు ఊడదీసే ముందు ఏది స్పీకర్ ఏ కాలుకు (టెర్మినల్‌కు) ఉన్నదో ఫోన్‌ల ఫొటో తీసుకోండి. స్పీకర్ లేకుండ పాత రేడియోను ఎప్పుడూ ఆన్ చేయకండి. ఆ సెట్లల్ల అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటది, ముందల స్పీకర్ భారం లేకపోతే ట్రాన్సిస్టర్లు దెబ్బతింటయి.

స్పీకర్ బయటికి వచ్చినంక చూస్తే ఎనక ఎలుక గూడు, చేన్ల పత్తి తెచ్చి కట్టింది. ఒక వైరు మీది తొడుగు కొరికేసింది. దాన్ని దులిపి పరీక్ష మొదలు పెట్టిన.

మల్టీమీటర్‌ను ఓమ్స్ మీద పెట్టి రెండు కాళ్లకు ఆనించిన. 3.4 ఒకసారి, అసలే లేకుండ ఒకసారి. 4 ఓమ్‌ల స్పీకర్ మీటరు మీద 4 చూపియ్యదు, కొంత తక్కువ చూపిస్తది, అది సహజం. 8 ఓమ్‌లదైతే 6, 7 నడుమ వస్తది. రీడింగు వచ్చి పోతున్నదంటే, టెర్మినల్ నుంచి కోన్‌కు పోయే అల్లిక వైరు తెగుతున్నదని. మాది సరిగ అండ్లనే తెగి, ఒక పోగు మీద నిలబడ్డది. డోరు ఏస్తే పలికింది అందుకే. సన్నగ సోల్డర్ పెట్టిన, రీడింగు నిలబడ్డది.

మీటరు లేనోళ్లు పెన్సిల్ సెల్లు తీసుకోండి, 1.5 వోల్టులది. ప్లస్సు ప్లస్సుకు, మైనస్సు మైనస్సుకు ఒక్క క్షణం ఆనిస్తే టక్కుమని కోన్ ముందుకు ఉబుకుతది. లోపటికి పోతే గుర్తులు తారుమారైనయని. కారు బ్యాటరీతోని మాత్రం చేయకండి. 1.5 వోల్టులకు ఆ కాయిల్‌ల అర ఆంపియరు కూడ పోదు, ఒక వాటు కన్న తక్కువ వేడి. 12 వోల్టులు పెడితే మూడున్నర ఆంపియర్లు, నలభై వాట్ల పైన. వెంట్రుకంత వైరు అది, మాడిపోతది.

సోల్డర్ పెట్టినంక ఆశ పుట్టింది గాని, రెండు బొటనవేళ్లతోని కోన్‌ను అటు ఇటు సమానంగ నొక్కితే లోపట గరుకు తగిలింది. కాయిల్ మ్యాగ్నెట్‌కు రాస్తున్నది. చిన్న చినుగైతే పలుచటి కాగితం ముక్క, నీళ్లు కలిపిన ఫెవికాల్‌తోని అతికి ఏండ్లు నడిపియ్యచ్చు. రాసే కాయిల్‌కు అట్ల లేదు. కోన్ మొత్తం మార్పించాలె, లేకుంటే స్పీకరే మార్చాలె. ఇక్కడ గడియారం సెంటర్ దిక్కు అడిగితే ఆ సైజు లేదన్నరు. హైదరాబాద్ పోయినప్పుడు కోఠి గుజరాతీ గల్లిల దొరికింది.

కొనేటప్పుడు పాతది సంచిల ఏసుకపోయిన, ఒక పెండ్లి పత్రిక అట్ట మీద దాని అంచు, బోల్టు బొక్కలు పెన్సిల్‌తోని గీసుకపోయిన. అంతకన్న ముందు ఇంట్లనే జాలీ నుంచి ఎనక అడ్డమొచ్చే దాక లోతు కొలిచిన. ఇప్పటి స్పీకర్ల మ్యాగ్నెట్లు వెడల్పు, బరువు. అది ఎనక ఉన్న వైర్ల కట్టనో వైపర్ రాడ్‌నో తగలకూడదు. కొన్నిట్ల ముందల ట్వీటర్, అంటే సన్న ధ్వని పలికే చిన్న స్పీకర్, పొడుచుకొస్తది, అది జాలీకి తగిలి జిర్రుమంటది. నేను ఒంటి కోన్‌ది తీసుకున్న, మాట వినడానికి అదే మేలు.

డబ్బా మీద ఎన్ని వందల వాట్లు రాసినా చూడకండి. పాత రేడియో ఇచ్చేదే కొన్ని వాట్లు. చూడవలసింది సెన్సిటివిటీ, అంటే అదే పవరుకు ఎంత గట్టిగ పలుకుతదన్నది, డెసిబెల్స్‌ల రాస్తరు. మూడు డెసిబెల్స్ తక్కువైతే అదే గొంతుకు రేడియో రెండింతల పవరు ఇయ్యాలె. ఓమ్‌లు పాతదానికి సమానం ఉండాలె. 8 అడిగే రేడియోకు 4 తగిలిస్తే కరెంటు ఎక్కువ గుంజి సెట్టు వేడెక్కుతది. అంచుకు ఫోమ్ ఉన్నది వద్దన్న, మన ఎండకు కొన్నేండ్లల్ల పొడి పొడిగ రాలిపోతది. బట్ట అంచుది తెచ్చిన.

కొత్తదాని బొక్కలు పాత బోల్టులకు ఒక నూలు తేడాతోని కలవలే. అక్కడే డ్రిల్ తీయాలనిపిస్తది. తీయలే. మూడు మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కను అట్ట గీత ప్రకారం కోసి, పాత బోల్టులకు పట్టే బొక్కలు, కొత్త స్పీకర్‌కు పట్టే బొక్కలు రెండూ దానికే ఏసిన. మ్యాగ్నెట్ మూడు మిల్లీమీటర్లు ఎనకకు పోతది, లోతు లెక్కల అది కలుపుకోవాలె. చెమ్మకు ఉబ్బకుండ వార్నిష్ పూసిన.

జాలీని మెత్తటి బ్రష్షుతోని దులిపి, ప్లైవుడ్‌కు రేకుకు నడుమ పాత సైకిల్ ట్యూబు కోసి చుట్టూ సందు లేకుండ అతికించిన. ఇది చాలమంది వదిలేస్తరు. కోన్ ముందల గాలిని నెట్టినప్పుడు ఎనక గాలి ఎదురుగ గుంజబడతది. సందుంటే ముందల ధ్వని, ఎనక ధ్వని కలిసి ఒకదాన్నొకటి చంపుకుంటయి, గొంతు పలుచగ రేకు డబ్బల మాట్లాడినట్టు వస్తది. మూసేసరికి మనిషి గొంతుల బరువు తిరిగొస్తది. నట్లు ఎదురుబొదురు మూలల్ల కొంచెం కొంచెం బిగించండి. ఒక్క మూలనే బిగిస్తే స్పీకర్ చట్రం వంగి, కొత్త కాయిల్ కూడ రాయడం మొదలైతది.

వైరింగుల నేను చేసిన తప్పు చెప్త. రెండేండ్ల కింద మా తమ్ముని పద్మిని కారుల పాత రేడియో తీసి కొత్త స్టీరియో పెట్టినప్పుడు, స్పీకర్ రెండో కాలు ఎప్పటిలెక్కనే బాడీకి ఉంచిన. పాత సెట్లల్ల చాల వాటికి అట్లనే ఉంటది, ఒక వైరు వస్తది, రెండో దిక్కు బాడీ ఎర్త్. ఇప్పటి సెట్లల్ల రెండు వైర్లూ సెట్టు నుంచే రావాలె, తెలుపు, నల్ల గీత ఉన్న తెలుపు. ఏదీ బాడీకి తగలకూడదు. ఆ సెట్టు లోపటి ఐసీ చిప్పు నా చేతిలనే కాలింది, వాని పైసలు పోయినయి. ఇంకోటి, స్టీరియో ఎడమ కుడి వైర్లు రెండూ కలిపి ఒక్క స్పీకర్‌కు ఇయ్యకండి, ఒకదాని లోపటికి ఒకటి నెట్టుకొని రెండూ పోతయి. ఒక్కటే స్పీకర్ కావాల్నంటే రెండు కాయిళ్లది అడగండి, ఎడమ ఒక కాయిల్‌కు, కుడి ఇంకో కాయిల్‌కు.

నాయినది పాత రేడియోనే కాబట్టి ఫొటో చూసి ఎట్లున్నది అట్లనే కలిపిన. ఎలుక కొరికిన వైరు ముక్క మార్చిన, రేడియోకు విడిగ ఒక ఫ్యూజు పెట్టిన. బ్యాటరీ కేబుల్ ఆఖరుకు. సౌండు సన్నగ పెట్టి మెల్లగ పెంచితే జాలీల ఏదన్న జిర్రుమనేది అప్పుడే తెలుస్తది. నాయిన కండ్లు మూసుకొని విన్నడు. "కొంచెం తగ్గియ్యి బిడ్డా, మంచిగ ఇనపడుతున్నది" అన్నడు.

వారం రోజులు బండి తిరిగినంక నట్లు ఒకసారి చూడాలె, ట్యూబు అణిగి వదులైతయి. మావి రెండు వదులైనయి. పాత స్పీకర్‌ను గుడ్డల చుట్టి, ఏ బోల్టు ఏ మూలదో కాగితం మీద రాసి, డిక్కీల స్టెప్నీ పక్కన పెట్టిన.