కాంక్రీట్ పంపు లైను పగలకుండా, జామ్ కాకుండా

స్లాబ్ పోసే రోజు పంపు నుంచి కాంక్రీటు మోసే పైపుల లైను పగిలితే కాంక్రీటు వృథా కావడంతో ఆగదు, పక్కనున్న మనిషి ప్రాణం మీదకు వస్తుంది. అందుకే పంపు స్టార్ట్ చేసే ముందు ఒక మనిషి లైను పొడవునా నడిచి చూడాలి.

మొదట చూడాల్సింది బెండ్లు. మలుపు దగ్గర కంకర బయటి వంపును ఒరుసుకుంటూ పోతుంది. లోపలి వంపు కొత్తదానిలా ఉన్నా బయటి వైపు రేకులా పలచబడుతుంది, పైన రంగు ఉంటే కంటికి తెలియదు. అల్ట్రాసోనిక్ గేజ్‌తో (ధ్వని తరంగాలతో మందం కొలిచే పరికరం) బయటి వంపు మీద నాలుగైదు చోట్ల మందం కొలవండి. మీ పంపు ప్రెషర్‌కు పైపు తయారీదారు చెప్పిన కనీస మందం లేకపోతే ఆ బెండు తీసేయండి. పట్టీ వెల్డింగ్ చేసి వాడొద్దు. నేల మీది తిన్నని పైపులు అడుగున ఎక్కువ అరుగుతాయి, అప్పుడప్పుడు తిప్పి బిగించండి.

రెండు పైపులను కలిపి బిగించే క్లాంపు వేసే ముందు పైపు అంచున గడ్డకట్టిన పాత కాంక్రీటు గీకేయాలి. బియ్యపు గింజంత ముక్క ఉన్నా రబ్బరు సీలు సరిగా కూర్చోదు. ఆ సందులోంచి సిమెంటు పాలు కారిపోతే వెనక మిగిలిన కంకర పొడిబారి అక్కడే బిగుసుకుంటుంది. చాలా జామ్‌లకు మూలం ఈ చిన్న లీకే. ప్రతి క్లాంపుకూ సేఫ్టీ పిన్ ఉండాలి.

తర్వాత సిమెంటు స్లర్రీతో (నీళ్లలో కలిపిన సిమెంటు గుజ్జు) లైను లోపల తడపాలి. 125 మి.మీ. పైపు లోపల మీటరుకు సుమారు 12 లీటర్ల చోటు ఉంటుంది, కాబట్టి ఒక బకెట్ స్లర్రీ వంద మీటర్ల లైనుకు ఏ మూలకూ చాలదు. ఆ పైపుకు 20 మి.మీ. కంకర సరిపోతుంది. స్లంప్ (కాంక్రీటు జారుడుతనం) తగ్గిందని హాపర్‌లో, అంటే పంపు తొట్టిలో, నీళ్లు కొడితే కంకర, గుజ్జు విడిపోయి లైను ఇంకా త్వరగా జామ్ అవుతుంది. ఎండాకాలం పైపుల మీద తడి గోనె సంచులు కప్పండి. లారీ ఆలస్యమైతే పది నిమిషాలకోసారి రెండు స్ట్రోకులు (పంపు పిస్టన్ తోపులు) వెనక్కీ ముందుకీ కదపండి.

జామ్ అయితే ప్రెషర్ పెంచి తోయకండి. రెండు మూడు స్ట్రోకులు రివర్స్ కొట్టి, మెల్లగా ముందుకు నడపండి. కదలకపోతే మళ్ళీ రివర్స్ కొట్టి ప్రెషర్ పూర్తిగా దించి పంపు ఆపాలి. ఆ తర్వాతే పైపును సుత్తితో తట్టండి, బిగుసుకున్న చోట మొద్దు శబ్దం వస్తుంది. క్లాంపు విప్పేవాడు పక్కకు నిలబడాలి, ముఖం కీలు మీదకు వంచకూడదు. మళ్ళీ స్టార్ట్ చేసేటప్పుడు చివరి హోస్ (లైను చివరి రబ్బరు గొట్టం) దగ్గర ఎవరూ ఉండొద్దు. లోపల గాలి చిక్కుకుంటే ఆ హోస్ కొరడాలా విసురుతుంది.

కడగడానికి వీలైనంత వరకు నీళ్లే వాడండి. గాలితోనే స్పాంజ్ బంతిని తోయాల్సి వస్తే చివరి హోస్ తీసేసి, పైపు చివర బంతిని పట్టే బుట్ట బిగించాకే వాల్వు తెరవండి.