బ్రౌజర్‌లో తెరుచుకునే ఫోల్డర్ జెడ్ డ్రైవ్‌గా ఎందుకు తెరుచుకోదు: ఎక్కడి నుంచి వెతకాలి

బ్రౌజర్‌లో ఆఫీసు ఫోల్డర్ చక్కగా తెరుచుకుంటుంది. అదే ఫోల్డర్‌ని విండోస్‌లో సి, డి డ్రైవ్‌ల పక్కన జెడ్ డ్రైవ్‌గా పెట్టుకుంటే (దీన్నే మ్యాప్ చేయడం అంటారు) మాత్రం పొద్దున్నే ఎర్ర గుర్తు కనిపిస్తుంది, క్లిక్ చేస్తే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది, కరెక్టుగా కొట్టినా మళ్లీ అదే బాక్స్ వచ్చి కూర్చుంటుంది. అప్పుడు చాలామంది చేసే పని డ్రైవ్ డిస్‌కనెక్ట్ చేసి మళ్లీ మ్యాప్ చేయడం, కుదరకపోతే సిస్టమ్ రీస్టార్ట్ చేయడం. ఒక్కోసారి పనిచేస్తుంది కూడా, కానీ ఎందుకు పనిచేసిందో తెలియదు కాబట్టి రెండ్రోజుల్లో కథ మళ్లీ మొదటికొస్తుంది.

ముందుగా ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి. మీరు బ్రౌజర్‌లో లాగిన్ అయితే విండోస్ కూడా లాగిన్ అయినట్టు కాదు. డ్రైవ్‌గా పెట్టిన వెబ్ ఫోల్డర్‌ని తెరిచేది క్రోమ్ కాదు, విండోస్ లోపల ఉండే వెబ్‌క్లయింట్ అనే సర్వీస్. అది సర్వర్‌తో వెబ్‌డావ్ అనే పద్ధతిలో మాట్లాడుతుంది, ఆ పద్ధతి 1999 నాటిది. ఇప్పటి సర్వర్లు లాగిన్ పేజీ చూపించి, ఫోన్‌కి కోడ్ పంపి, కుకీ (లాగిన్ అయినట్టు బ్రౌజర్ దాచుకునే గుర్తు) ఇచ్చి లోపలికి రానిస్తాయి. బ్రౌజర్‌కి ఇవన్నీ వచ్చు. ఫోల్డర్లు చూపించే విండోస్ ఎక్స్‌ప్లోరర్‌కి ఆ పేజీ చూపించే వీలే లేదు, దానికి తెలిసిందల్లా పాస్‌వర్డ్ బాక్స్, అందుకే మళ్లీ మళ్లీ దాన్నే ముందు పెడుతుంది.

కాబట్టి మొదటి పని ఎర్రర్ నంబర్ తెలుసుకోవడం. ఎక్స్‌ప్లోరర్ దాన్ని సరిగ్గా చెప్పదు. కమాండ్ ప్రాంప్ట్ తెరవండి, అయితే అడ్మినిస్ట్రేటర్‌గా కాదు, మామూలుగానే తెరవాలి, ఎందుకంటే అడ్మిన్ విండోలో మ్యాప్ చేసిన డ్రైవ్ మామూలు ఎక్స్‌ప్లోరర్‌లో కనిపించకపోవచ్చు, అప్పుడు లేని సమస్య ఇంకోటి తగులుకుంటుంది. అందులో నెట్ యూజ్ అని రాసి, డ్రైవ్ అక్షరం, ఫోల్డర్ అడ్రస్ ఇచ్చి, స్లాష్ యూజర్ కోలన్ పక్కన మీ యూజర్ నేమ్ రాసి, చివర ఒక స్టార్ గుర్తు పెట్టండి. స్టార్ పెడితే పాస్‌వర్డ్ విడిగా అడుగుతుంది, టైప్ చేసింది స్క్రీన్ మీద కనిపించదు. ఇప్పుడు వచ్చే నంబర్‌ని కాగితం మీద రాసుకోండి.

67 వస్తే చాలాసార్లు వెబ్‌క్లయింట్ సర్వీస్ ఆగిపోయి ఉంటుంది, లేదంటే అడ్రస్ తప్పు. స్టార్ట్ మెనూలో సర్వీసెస్ అని వెతికి, లిస్టులో వెబ్‌క్లయింట్ మీద డబుల్ క్లిక్ చేసి, స్టార్టప్ టైప్‌ని ఆటోమేటిక్‌కి మార్చి స్టార్ట్ నొక్కండి, దీనికి అడ్మిన్ హక్కులు కావాలి. మైక్రోసాఫ్ట్ 2023 నవంబర్‌లో ఈ సర్వీస్‌ని ఇక అభివృద్ధి చేయని వాటి జాబితాలో చేర్చింది, దానంతటదే స్టార్ట్ అవదని కూడా చెప్పింది. కొత్త ల్యాప్‌టాప్ ఇచ్చాక డ్రైవ్ రావట్లేదని ఎవరైనా అంటే నేను మొదట చూసేది ఇదే. విండోస్ సర్వర్ మీద అయితే వెబ్‌డావ్ రీడైరెక్టర్ అనే ఫీచర్‌ని విడిగా ఇన్‌స్టాల్ చేయాలి, అది లేకపోతే లిస్టులో ఈ పేరే కనిపించదు.

అడ్రస్ విషయానికొస్తే, బ్రౌజర్ పైన కనిపించేది కాపీ చేసి పెడితే సరిపోదు. ఉదాహరణకు ఆఫీసు సర్వర్‌లో ఫైళ్లు దాచి పంచుకునే నెక్స్ట్‌క్లౌడ్ సాఫ్ట్‌వేర్ తీసుకోండి, ఫైల్స్ పేజీలో కింద ఎడమవైపు ఉండే సెట్టింగ్స్ తెరిస్తే వెబ్‌డావ్ అడ్రస్ అని విడిగా ఇస్తుంది, డ్రైవ్‌కి పనికొచ్చేది అదొక్కటే. సర్వర్ సర్టిఫికెట్, అంటే అది అసలైన సర్వరే అని చెప్పే డిజిటల్ పత్రం, కూడా సరిగ్గా ఉండాలి. బ్రౌజర్‌లో హెచ్చరిక వస్తే పర్లేదని ముందుకెళ్లగలరు, డ్రైవ్‌లో ఆ అవకాశం లేదు, ఊరికే ఫెయిల్ అవుతుంది.

ఇంకో చిన్న మాట, తెలుగులో ఫోల్డర్ పేర్లు పెట్టుకునేవాళ్లకి. విజయవాడ అని ఫోల్డర్ పేరు పెడితే గుణింతాలతో కలిపి 7 గుర్తులు, కానీ వెబ్ అడ్రస్‌లో ఒక్కో గుర్తు పర్సెంట్ గుర్తులతో కలిపి 9 అక్షరాలవుతుంది, అంటే ఆ ఒక్క పేరే 63 అక్షరాలు. పైగా ఆ పొడవాటి అడ్రస్‌ని తెచ్చి బ్యాచ్ ఫైల్‌లో (కమాండ్‌లు వరసగా రాసి పెట్టుకునే ఫైల్) పెడితే పర్సెంట్ గుర్తుకి అక్కడ వేరే అర్థం ఉండి, రెండేసి రాస్తే తప్ప లైన్ పాడైపోతుంది. డ్రైవ్‌గా మ్యాప్ చేసే పై ఫోల్డర్‌కి పొట్టి ఇంగ్లీష్ పేరు పెట్టి, లోపల మీ ఇష్టం వచ్చినట్టు తెలుగులో పెట్టుకోండి.

86 గానీ 1244 గానీ వస్తే గొడవ లాగిన్ దగ్గరే. మీ అకౌంట్‌కి రెండంచెల భద్రత ఉంటే అసలు పాస్‌వర్డ్ ఎన్నిసార్లు కొట్టినా డ్రైవ్ ఒప్పుకోదు. నెక్స్ట్‌క్లౌడ్‌లో పర్సనల్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి సెక్యూరిటీ కింద యాప్ పాస్‌వర్డ్ ఒకటి తయారు చేసుకుని, డ్రైవ్‌కి అదే ఇవ్వండి. ఒక్కో కంప్యూటర్‌కి ఒక్కోటి చేసుకుంటే మంచిది, ల్యాప్‌టాప్ పోయినప్పుడు దాని ఒక్కదాన్ని రద్దు చేస్తే చాలు. ఇక పాస్‌వర్డ్ మార్చిన మర్నాటి నుంచే సమస్య మొదలైతే కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, విండోస్ క్రెడెన్షియల్స్‌లో ఆ సర్వర్ పేరుతో ఉన్న పాత ఎంట్రీ తీసేయండి. విండోస్ ఆ పాతదాన్నే గుట్టుగా పంపుతూ ఉంటుంది, కొన్ని సర్వర్లు తప్పు పాస్‌వర్డ్‌లు వరసగా వస్తున్నాయని మీ అకౌంట్‌నే లాక్ చేస్తాయి, అప్పుడు బ్రౌజర్‌లో కూడా లోపలికి వెళ్లలేరు.

ఇక్కడ ఒక సలహా నెట్‌లో విపరీతంగా తిరుగుతుంది: రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోటు) బేసిక్ఆథ్‌లెవెల్ విలువని 2 చేయమని. దయచేసి చేయకండి. మామూలుగా అది 1 ఉంటుంది, అంటే హెచ్‌టీటీపీఎస్ (ఎన్‌క్రిప్షన్) ఉన్న సర్వర్‌కి మాత్రమే పాస్‌వర్డ్‌ని దాదాపు ఉన్నదున్నట్టుగా పంపుతుంది. 2 చేస్తే ఎన్‌క్రిప్షన్ లేని సర్వర్‌కి కూడా పంపేస్తుంది, అదే వైఫైలో ఉన్న ఎవరైనా దాన్ని చదవగలరు. డ్రైవ్ పనిచేస్తుంది, నిజమే, కానీ సర్వర్‌కి సర్టిఫికెట్ పెట్టించాల్సింది పోయి అందరి పాస్‌వర్డ్‌లు బయటపెట్టినట్టవుతుంది. దీనికి ఒప్పుకోమని ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు.

షేర్‌పాయింట్ (ఆఫీసు ఫైళ్లు పంచుకునే మైక్రోసాఫ్ట్ సైట్) ఫోల్డర్లని డ్రైవ్‌గా పెట్టుకున్నవాళ్ల పరిస్థితి వేరు. అక్కడ పాస్‌వర్డ్ బదులు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ దాచుకున్న కుకీ మీద డ్రైవ్ నడిచేది, సైట్‌ని ట్రస్టెడ్ సైట్స్‌లో చేర్చి, సైన్ ఇన్ అయ్యే ఉండేలా టిక్ పెట్టాల్సి వచ్చేది, కుకీ గడువు తీరగానే యాక్సెస్ డినైడ్. ఆ బ్రౌజర్‌కి మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న సపోర్ట్ ఆపేసింది. ఇంకా దాని చుట్టూ తంటాలు పడటం దండగ, వన్‌డ్రైవ్ సింక్ పెట్టుకోండి. డ్రైవ్ అక్షరం ఉండదు, ఎక్స్‌ప్లోరర్‌లో ఎడమవైపు ఫోల్డర్‌లా కనిపిస్తుంది, రెండు రోజుల్లో అలవాటైపోతుంది.

లాగిన్ కుదిరాక వచ్చే చిక్కులు రెండున్నాయి. పెద్ద ఫైల్ కాపీ చేస్తుంటే పరిమితి దాటిందని ఆగిపోతే, అది వెబ్‌క్లయింట్ పెట్టుకున్న 5 కోట్ల బైట్ల హద్దు, అంటే సుమారు 48 ఎంబీ. రిజిస్ట్రీలో వెబ్‌క్లయింట్ పారామీటర్స్ కింద ఫైల్‌సైజ్‌లిమిట్ఇన్‌బైట్స్ అనే విలువ పెంచి సర్వీస్ రీస్టార్ట్ చేయాలి, 4 జీబీ దాకా పెంచొచ్చు. ఫోల్డర్ తెరవడానికే నిమిషం పడుతుంటే ఇంటర్నెట్ ఆప్షన్స్‌లో లాన్ సెట్టింగ్స్ తెరిచి, ఆటోమేటిక్‌గా సెట్టింగ్స్ కనిపెట్టమనే టిక్ తీసి చూడండి. ఆఫీసులో ప్రాక్సీ (ఇంటర్నెట్‌కి వెళ్లే దారిలో పెట్టిన సర్వర్) ఉంటే అడిగాకే తీయండి.

అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ డేటా మాత్రం ఇలాంటి డ్రైవ్‌లో పెట్టొద్దు. ఇది ఫైల్‌లో మీకు కావాల్సిన ముక్క తెచ్చే డ్రైవ్ కాదు, ఫైల్ మొత్తం దింపి, మీరు మూసేశాక మొత్తం మళ్లీ ఎక్కిస్తుంది. మధ్యలో కరెంటు పోయినా, నెట్ తెగినా, ఇద్దరు ఒకేసారి రాసినా డేటా పాడవుతుంది. వర్డ్, ఎక్సెల్, పీడీఎఫ్ ఫైళ్లకైతే ఇబ్బంది లేదు.

ఇవన్నీ చూసినా తెరుచుకోకపోతే సపోర్ట్ వాళ్లకి డ్రైవ్ రావట్లేదు అని ఒక్క ముక్క రాయకండి. ఎర్రర్ నంబర్, అది వచ్చిన టైం, వెబ్‌క్లయింట్ నడుస్తోందో లేదో, అదే కంప్యూటర్‌లో వేరేవాళ్ల అకౌంట్‌తో తెరుచుకుంటుందో లేదో, మీ అకౌంట్ వేరే కంప్యూటర్‌లో పనిచేస్తుందో లేదో రాయండి. టైం ఉంటే సర్వర్ లాగ్‌లో మీ రిక్వెస్ట్ అసలు అక్కడిదాకా చేరిందో లేదో వాళ్లు చూడగలరు.