సంగటి అదే, నంజుకునేది మార్చండి

అనంతపురం వైపు మూడు, నాలుగేళ్ళ పిల్లలకు రోజూ సంగటో, అన్నమో ఉండనే ఉంటుంది. దాన్ని మార్చాలని టెన్షన్ పడక్కర్లేదు, పక్కన పెట్టేది మారిస్తే చాలు. ఒకరోజు ఆకుకూర పప్పు, ఇంకోరోజు గుడ్డు, మరోరోజు పెరుగూ ఉడికించిన క్యారెట్టూ. పప్పు దించాక నాలుగు చుక్కలు నిమ్మరసం పిండండి. అందులోని సి విటమిన్ వల్ల ఆకుకూరలో ఉండే ఐరన్ బాగా ఒంటబడుతుంది. తిన్న వెంటనే టీ మాత్రం వద్దు, అది ఐరన్‌ను అడ్డుకుంటుంది. (టీలో బిస్కెట్టు ముంచి పిల్లల నోట్లో పెట్టే అలవాటు మనకు బాగానే ఉంది!)

శెనక్కాయలకు మన దగ్గర కొదవ లేదు. కానీ ఐదేళ్ళలోపు పిల్లలకు గింజలుగా ఇవ్వొద్దు, గొంతుకు అడ్డం పడతాయి. వేయించి, కారం లేకుండా మెత్తగా పొడి కొట్టి, కాస్త నెయ్యితో సంగటి ముద్దలో కలపండి.

కొత్త కూర ఒకసారి ఉమ్మేశారని వదిలేయకండి. కొందరు పిల్లలు పది, పదిహేనుసార్లు రుచి చూశాకగానీ ఒప్పుకోరు. బలవంతం చేయకుండా ఒక్క స్పూను వాళ్ళ పళ్ళెంలో వేసి, అదే కూర మీరూ తినండి. అంగన్‌వాడీలో గుడ్డు తిన్న రోజు ఇంట్లో జామపండో, బొప్పాయి ముక్కలో ఇవ్వొచ్చు.